మూలగని నొప్పి

మూలగడం కూడా కూర్చుని నేర్చుకోవాల్సిన పనేనని తారాబాయికి ఈ ఏడే తెలిసింది. అంతకుముందు ఎవరన్నా మూలిగితే అయ్యో అనేది, పోయి పలకరించి వచ్చేది, అంతే. కడుపులో పుండున్నవాడు నోరు తెరిచి అరవడనీ, పళ్ళు బిగించి ముక్కుతో మూలుగుతాడనీ, మంచం దిగేటప్పుడు ముందు పక్కకు దొర్లి, మోచెయ్యి ఆనించి, ఆ తర్వాతే కాళ్ళు కింద పెడతాడనీ ఆమెకేం తెలుసు? ఇవన్నీ ప్రేమ్‌సాగర్ నేర్పాడు. ప్రేమ్‌సాగర్ పేరుకు బొగ్గుబాయి మీద నౌకరి చేస్తాడు గానీ, పొద్దుగూకులూ అతను చేసేవి పైరవీలే.

ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చాక ఆమె మొగుడు మొగిలి స్నానం చేస్తాడు, చాయ్ తాగుతాడు, క్వార్టర్ తలుపు దగ్గరికి వేసి మంచం మీద పడుకుని మూలగడం మొదలుపెడతాడు. తారాబాయి వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటుంది. తప్పుంటే దిద్దుతుంది.

"గట్ల గాదు. చెయ్యి జర పైకి వెట్టు. నీకు నొప్పి బొడ్డు కాడ గాదు, రొమ్ము కింద."

"ఏడ వెడితే ఏంది, ఏడ్సుడు ఏడ్సుడే గద."

"డాక్టర్ ఒత్తంగనే ఎగిరిపడాలె. నువ్వు ఆయన చెయ్యి వెట్టకముందే ఎగిరిపడ్తున్నవ్."

మొగిలికి నవ్వొచ్చేది. నవ్వితే ఆమెకు కోపం వచ్చేది. మొగుడి చేత ఏడుపు వల్లె వేయించే పెళ్ళాం ఎక్కడైనా ఉంటుందా అని ఎవరన్నా అడగొచ్చు. బాయి పనివాళ్ళ ఆ కాలనీకి వచ్చి ఉంటే అడగరు.

నిజం చెప్పాలంటే మొగిలికి కడుపులో ఏ రోగమూ లేదు. పెళ్ళీడు దాటుతున్న కొడుకు ఉన్నాడు. కంపెనీలో ఒక పద్ధతి ఉంది. బాయి దిగే శక్తి ఇక ఈ మనిషికి లేదని డాక్టర్ల బోర్డు తేల్చి అన్‌ఫిట్ రాస్తే, అతని నౌకరి కొడుక్కి వస్తుంది. అదీ ఒక వయసు దాటకముందే రాయాలి. మొగిలికి వచ్చే నెల బోర్డే ఆఖరుది. అది తప్పిపోతే ఎంత మూలిగినా వినేవాడుండడు. అతని మోకాళ్ళు నిజంగానే అరిగిపోయాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. కానీ బాయి దిగే ప్రతివాడికీ ఆ రెండూ ఉంటాయి కాబట్టి బోర్డు వాటిని రోగాల్లో కట్టదు. నిజమైన నొప్పిని నమ్మరు గనక నమ్మే నొప్పిని తయారుచేసుకోవాల్సి వచ్చింది. కొడుకు రాకేశ్ డిప్లొమా చదివి, మంచిర్యాలలో ఒక దుకాణంలో ఊరివాళ్ళ ఫోన్లకు అద్దాలు అతికిస్తున్నాడు.

మూలుగు ఒక్కటే సరిపోదన్నాడు ప్రేమ్‌సాగర్. నోట్లోంచి గొట్టం దింపి కెమెరాతో చూస్తారు, లోపల పుండ్లు కనబడాలి. అందుకని ఒళ్ళునొప్పుల గోలీలు పరగడుపున మింగమన్నాడు. రాకేశ్ మంచిర్యాల నుంచి అవి తెచ్చి ఇంట్లో పెట్టాడు. తెల్లారి లేచి, బువ్వ టిఫిన్ కట్టకముందే, మొగిలి వాటిని నీళ్ళతో మింగి బాయికి పోయేవాడు. తారాబాయే గ్లాసు అందించేది. ఇద్దరికీ అది తప్పనిపించలేదు. కొడుకు బతుకు ఒక దారిన పడాలంటే తండ్రి కడుపు కొంచెం మండితే మండిందిలే అనుకున్నారు.

*

ఆ రోజు మొగిలి ఫస్ట్ షిఫ్ట్ నుంచి వచ్చి స్నానానికి కూర్చున్నాడు. కాసేపటికి చెంబు బండ మీద పడి దొర్లిన చప్పుడు వినిపించింది. తారాబాయి పట్టించుకోలేదు. తర్వాత అతను తడి ఒంటి మీద తువ్వాలతోనే, నడుము సగానికి వంగిపోయి, గోడ పట్టుకుంటూ వచ్చి మంచమెక్కాడు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాడు. ఇక కదల్లేదు.

జొన్నపిండి కలుపుతూ ఆమె వంటింట్లోంచే అడిగింది. "ఏందయ్యా, ఇయ్యాల మూలుగుత లేవు? బోర్డు దగ్గర వడ్డది."

ఆమె పిండిలో ఇంకొన్ని నీళ్ళు పోసింది.

"గిట్ల సప్పుడు జెయ్యక వండుకుంటె బోర్డుల ఎవలు నమ్ముతరు నిన్ను?"

పిండి చేతులతోనే వచ్చి చూసింది. ఫ్యాను తిరుగుతోంది, అయినా అతని నుదురు, మెడ చెమటతో తడిసిపోయి ఉన్నాయి. ఊపిరి రొమ్ము పైభాగంలోనే ఆడుతోంది, కడుపు వరకూ పోవడం లేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"తారా, గిది గది గాదు."

ఆమె నవ్వింది. ఇన్నాళ్ళకు మంచిగా నేర్చుకున్నాడనుకుంది. ఆ నవ్వు నవ్వినందుకు తర్వాత తనను తాను ఎన్ని తిట్లు తిట్టుకుందో ఆమెకే తెలుసు. అలవాటు కొద్దీ అతని చెయ్యి తీసి పైకి పెట్టబోయింది. తన వేళ్ళు అతని పొట్టకు తగిలాయి. రొట్టెల పీట మీద చెయ్యి వేసినట్టుంది. మనిషి పొట్ట అట్లా ఉండదు. కొంచెం నొక్కి చూసింది. ఎగిరిపడలేదు, అరవలేదు. కళ్ళు మూసుకున్నాడు, కళ్ళ కొసల నుంచి నీళ్ళు కారాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతని కంట నీళ్ళు ఆమె చూడలేదు.

రాకేశ్‌కు ఫోన్ చేసి పిలిపించింది. ముగ్గురూ ఆటోలో కాలనీ డిస్పెన్సరీకి పోయారు. అక్కడి డాక్టర్ రామచంద్రం పెద్దమనిషి, రిటైర్మెంటుకు దగ్గరున్నవాడు. చెడ్డవాడేమీ కాదు. బోర్డు నెల దగ్గర పడితే కాలనీలో నడుములు విరిగేవాళ్ళూ కడుపులు పట్టుకునేవాళ్ళూ ఎట్లా పెరుగుతారో చూసి చూసి విసిగినవాడు.

"మళ్ళా వచ్చినవా మొగిలీ. బోర్డు ఎప్పుడు?"

"వచ్చే నెల సార్," అన్నాడు రాకేశ్.

"నిన్నడుగుతలేను. ఏం మొగిలీ, కొత్త నొప్పా, పాత నొప్పా?"

తారాబాయి నోరు తెరిచింది. రాకేశ్ ఆమె కాలు తొక్కాడు. మొగిలి కొడుకు ముఖం చూశాడు, తర్వాత డాక్టర్ ముఖం చూశాడు.

"పాతదే సార్."

డాక్టర్ కుర్చీలోంచే అంగీ మీద చెయ్యి పెట్టి ఒత్తాడు. "బిగవట్టకు. ఎప్పుడు జేసే పనే గద ఇది." చెయ్యి తీసేశాడు. "ఇయ్యాల జర నయమే ఉన్నట్టుంది. పోయినసారి డిస్పెన్సరీ పైకప్పు లేవగొట్టినవ్."

గ్యాస్‌కు సూది వేసి ఇంటికి పంపాడు. బయట ఇంకా జనం బారులు తీరి ఉన్నారు.

పొద్దుగూకే వేళకు నొప్పి తగ్గింది. నిజంగానే తగ్గింది. మొగిలి కాళ్ళు చాపుకోగలిగాడు, రెండు మాటలు మాట్లాడాడు. రాకేశ్ ముఖం విప్పారింది. ప్రేమ్‌సాగర్‌కు ఫోన్ చేసి, డిస్పెన్సరీలో ఇంకోసారి చూపించుకొచ్చామని, ఇదీ బోర్డు ముందు పనికొస్తుందని చెప్పుకున్నాడు. తారాబాయి గంజి కాచి తెచ్చింది. మొగిలి వద్దన్నాడు. కుడి భుజం గుంజుతోందన్నాడు. బాయిలో దుంగలు మోసి మోసి ఉన్నాడు కదా అని ఆమె జండూబాం రాసింది. కడుపు నొప్పి తగ్గింది కాబట్టి గండం గడిచిందనుకున్నారు. ఆ తగ్గడమే మోసమని వాళ్ళకెవరు చెప్పాలి?

*

తెల్లారేసరికి మొగిలి పొట్ట ఉబ్బింది. ఒళ్ళు కాలుతోంది. కళ్ళు లోపలికి పోయాయి, నాలుక ఎండి అంగిట్లో అతుక్కుంటోంది. రాత్రి నుంచి మూత్రం రాలేదు. అయినా మూలుగు లేదు. మంచం కోళ్ళకు తారాబాయి కాలు తగిలి మంచం కొంచెం కదిలితే చాలు, ముఖం అంతా ముడుచుకుపోతోంది.

పెద్ద దవాఖానకు పోదామంది ఆమె. రాకేశ్ ముందు ప్రేమ్‌సాగర్‌ను పిలిచాడు. అతను వచ్చి గుమ్మంలో నిలబడే చూశాడు.

"తీస్కపోండ్రి, వద్దంటలేను. కని పాత నొప్పే అని జెప్పాలె. కొత్త రోగమని రాసిండ్రనుకో, నయమైనంక చూద్దామని బోర్డు వాయిద ఏస్తరు. వాయిద వడితే మొగిలన్నకు వయసు దాటుతది. మల్ల నా మీదికి రావద్దు."

మంచం మీద మొగిలి కళ్ళు తెరిచి విన్నాడు.

దవాఖానకు పోయే దారిలో స్పీడ్ బ్రేకర్లు ఎన్నున్నాయో తారాబాయి అంతకుముందు ఎన్నడూ గమనించలేదు. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా మొగిలి ఆమె మణికట్టును నలిపేసేవాడు. రాకేశ్ ముందర డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. ఆటో చప్పుడులో కొడుక్కి వినపడకుండా మొగిలి ఆమె చెవి దగ్గర నోరు పెట్టాడు.

"ఏం జెప్పకు తారా. బోర్డు అయితే అన్‌ఫిట్ వస్తది, పిల్లగానికి నౌకరి వస్తది. నేను వోతే గూడ పిల్లగానికే వస్తది. ఎటుదిక్కు జూసినా మనకు నుక్సానం లేదు."

ఆమె చెయ్యి గుంజుకుంది. ఇంత నొప్పిలో పడుకుని, ఈ మనిషి రాత్రంతా ఆలోచించింది ఇదా! కోపం వచ్చింది. ఆ కోపం వెనకాలే భయం వచ్చింది. చప్పుడు చెయ్యకుండా పడుకున్నది నొప్పి ఒక్కదాని వల్లే కాదేమో, చచ్చిపోదామనే పడుకున్నాడేమో అనిపించింది.

పెద్ద దవాఖానలో ఆ పొద్దు డాక్టర్ యుమ్నా ఉంది. చిన్న వయసు, వచ్చి ఏడాది కాలేదు. మొగిలిని చూడగానే ఆమె ముఖం మారింది. పోయిన నెల అతను ఇక్కడికే వచ్చి నేల మీద పడి దొర్లాడు. పొట్ట బిగపట్టాడు, ఒత్తకముందే అరిచాడు. ఈ పిల్ల భయపడిపోయి ఆపరేషన్ డాక్టర్‌ను థియేటర్ నుంచి పిలిపించింది. ఆయన వచ్చి చూసి, ఏమీ లేదని తేల్చి, బోర్డు కేసులకు నన్ను పిలుస్తావా అని అందరి ముందు కడిగేశాడు. ఆ మాట ఆమె ఇంకా మరిచిపోలేదు.

"ఎప్పటి నుంచి నొప్పి?"

"ఏడాది సంది మేడం. పాతదే, గ్యాస్," అన్నాడు రాకేశ్.

"పడుకోండి." ఆమె అంగీ గుండీలు విప్పి చెయ్యి పెట్టింది. ఒక నిమిషం అట్లాగే ఉంచింది. "కడుపు వదలండి. బిగపట్టకండి. మొగిలిగారూ, మీకే చెప్తున్నా."

మొగిలి పైకప్పు చూస్తూ ఉన్నాడు. ఆమె ఇంకోసారి ఒత్తింది, అతని ముఖం చూసింది. ఏమీ తేల్చుకోలేకపోయింది. పోయిన నెల కూడా ఈ పొట్ట ఇట్లాగే గట్టిగా ఉంది. అప్పుడు అరిచాడు, ఇప్పుడు అరవడం లేదు.

"జ్వరముంది. సెలైన్ పెట్టిస్తా, గ్యాస్‌కు సూది వేస్తారు. సాయంత్రం దాకా చూద్దాం," అంది. తర్వాతి మనిషి అప్పుడే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

తారాబాయి కొంగు నడుముకు చుట్టుకుంది. ఏదన్నా బరువు ఎత్తబోయే ముందు ఆమె చేసే పని అది.

"మేడం, పోయిన నెల మీ ముంగట దొర్లింది అబద్ధం."

"అవ్వా," అన్నాడు రాకేశ్.

"ఏడాది సంది ఆయనకు నొప్పే లేదు మేడం. అంత నేను నేర్పిందే. చెయ్యి ఏడ వెట్టాలె, ఎట్ల మూలగాలె, అంత ఇంట్ల నేర్పిచ్చిన. బోర్డు కోసం. నిన్న మాపటి సంది మూలుగుత లేడు. గందుకే నాకు భయమైతుంది. ఆయన దొంగ ఏడుపు నాకెరుకే. గిట్ల సప్పుడు లేకుంట ఎన్నడు వండుకోలే. నొప్పి మెల్లగ రాలే మేడం, చెంబు ఇడిసిపెట్టి వడ్డడు, గంత దబ్బున వచ్చింది. భుజం గూడ గుంజుతుందన్నడు."

యుమ్నా లేచి నిలబడింది. "గోలీలేమైనా మింగుతున్నాడా?"

మంచం మీంచి మొగిలి ఆమెనే చూస్తూ తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఒళ్ళునొప్పులయి. పరగడుపున. కడుపుల పుండ్లు గావాలని."

గదిలో ఉన్నవాళ్ళంతా ఆమె వైపు తిరిగారు. కుర్చీలో కూర్చున్న మనిషి కూడా తన రోగం మరిచిపోయి చూశాడు.

"ఎవరు తెచ్చి ఇచ్చారు?"

రాకేశ్ గోడకు ఆనుకుని ఉన్నాడు. తల వంచి తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. తారాబాయి అటు తిరగలేదు.

"నేనే తెచ్చిన. నేనే మింగిచ్చిన."

ఆ తర్వాత అంతా తొందరగా జరిగిపోయింది. యుమ్నా మొగిలిని దగ్గమంది. దగ్గలేకపోయాడు. పొట్ట మీద మెల్లగా వేళ్ళతో కొట్టి విన్నది. నోట్లోకి చుక్క నీళ్ళు కూడా పోనివ్వొద్దని నర్సుకు చెప్పింది. ముక్కులోంచి గొట్టం వేశారు, రెండు చేతులకూ సెలైన్లు పెట్టారు. ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టి ఎక్స్‌రే తీశారు. ఆ ఫిల్మును యుమ్నా వెలుతురుకు పట్టుకుంది. ఊపిరితిత్తుల అడుగున, కాలేయం పైన, ఉండకూడని చోట నల్లటి గాలి చార ఉంది. పేగుల్లో ఉండాల్సిన గాలి బయటికొచ్చింది. కడుపుకు చిల్లి పడిందని, లోపలిదంతా నిన్నటి నుంచి పొట్టలోకి కారుతోందని చెప్పింది. ఈసారి ఆపరేషన్ డాక్టర్‌ను పిలవడానికి ఆమె వెనకాడలేదు.

స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే మొగిలి తారాబాయిని చూశాడు. ఎందుకు చెప్పినవ్ అనే ఆ చూపు. ఆమె తట్టుకోలేక స్ట్రెచర్ చక్రాల వైపు చూసింది.

"రాయక తప్పదమ్మా," అంది యుమ్నా, సంతకం పెట్టించుకుంటూ. "ఏడాదిగా నొప్పి లేదన్నారు, గోలీలన్నారు. అవన్నీ రాస్తేనే ఆపరేషన్‌కు తీసుకుంటారు. బోర్డుకు కూడా పోతుంది."

"రాయిండ్రి," అంది తారాబాయి.

*

మొగిలి బతికాడు. చిల్లి మూసి, పొట్టంతా కడిగారు. ఇంకో పూట ఆలస్యమైతే ఎవరమూ ఏమీ చేయలేకపోయేవాళ్ళమని ఆపరేషన్ డాక్టర్ బయటికొచ్చి చెప్పాడు. చెప్పి, తారాబాయిని కిందికీ మీదికీ చూశాడు.

"గోలీలు మింగించింది నువ్వేనా? మొగుడా, పగోడా?"

ఆ మాట వార్డంతా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. పక్క మంచాల ఆడవాళ్ళు ఆమెను చూసి గొంతు తగ్గించేవాళ్ళు. నౌకరి కోసం మొగుణ్ణి చంపబోయిందట అన్న గుసగుస ఆమె చెవిన పడుతూనే ఉంది. కాదని ఎవరికి చెబుతుంది? చెబితే ఆ తర్వాత ఏం అడుగుతారో ఆమెకు తెలుసు.

మొగిలి కళ్ళు తెరిచాక ఆమె తడిగుడ్డతో పెదాలు తుడవబోయింది. నర్సు జ్యోతిరాణి చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ముట్టకమ్మా. మందులు గాని నీళ్ళు గాని నీ చేతుల మీదుగా వద్దని సార్ రాసిండు. ఇంకెవలన్న ఉంటే పిలువు."

మొగిలి ఆ మాట విన్నాడు. గోలీలు ఎవరు తెచ్చారో అతనికి తెలుసు. ముక్కులో గొట్టంతో ఎక్కువ మాట్లాడలేడు గానీ, ఒక్క ముక్క చెప్పలేనంత నీరసంగా లేడు. ఆమె అతని నోటి వైపు చూస్తూ నిలబడింది. అతను తల గోడ వైపు తిప్పుకున్నాడు. అతను చెప్పనందుకు ఆమెకు ఏడుపొచ్చింది. చెప్పనందుకే ఊరట కూడా కలిగింది. బయటికి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చుంది.

మర్నాడు ప్రేమ్‌సాగర్ వచ్చాడు. లోపలికి పోలేదు, బల్ల దగ్గరే నిలబడి మాట్లాడాడు.

"బోర్డు ముచ్చట అయిపోయింది వదినా. పేరు తీసేసిండ్రు. మొగిలన్న లేచి తిరిగినంక మల్ల బాయికి పోవుడే. చార్జిషీట్ గూడ వస్తదేమో. గోలీల సంగతి నాకు తెల్వదు, నేను జెప్పలే. గది యాదికుంచుకో." పోబోతూ ఆగాడు. "జర ఓపిక వట్టి ఉంటే... ఏదో తీరుగ పిల్లగాని పని అయ్యేది."

ఏదో తీరుగా అంటే ఏ తీరుగానో ఆమెకు అర్థమైంది. అదే లెక్క ఆటోలో మొగిలి నోట కూడా విన్నది. "నువ్వు ఇంకో మాట మాట్లాడకుంట వో," అంది. అతను పోయాడు.

కడుపు కోసి కుట్టిన మనిషి మళ్ళీ బాయి దిగాలి. ఇప్పుడు అతను నిజంగా చేతగానివాడే. ఈసారి నొప్పి అన్నా, ఆయాసం అన్నా, ఏ డాక్టరూ నమ్మడు. ఆ సంగతి తారాబాయి మనసులోంచి పోయేది కాదు. అయినా చెప్పకపోయి ఉంటే బాగుండేదని మాత్రం ఒక్కసారి కూడా అనిపించలేదు. మనిషి ఉన్నాడు. లోపల మంచం మీద ఉన్నాడు.

రాకేశ్ మాత్రం ఆపరేషన్ నాడు పోయినవాడు మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నౌకరి పోయిందని కోపమేమో అనుకుంది. కాదు, తండ్రిని అట్లా చూడలేక భయపడ్డాడేమో అనుకుంది. తను తెచ్చిన గోలీలే కదా అని లోపల్లోపల కుమిలిపోతున్నాడేమో, ఏ రైలు పట్టాల వైపన్నా పోయాడేమో అని కూడా అనుకుంది. అట్లా అనుకున్నప్పుడు బల్ల మీద కూర్చోలేక వరండా ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగింది. వాడొస్తే ఏమనాలో ముందే సిద్ధం చేసుకుంది. నీ తప్పేం లేదు బిడ్డా, అందరం కలిసే చేసినం, ఫికర్ చెయ్యకు అనాలి. తల మీద చెయ్యి పెట్టాలి.

మొగిలికి చెంచాతో నీళ్ళు మొదలుపెట్టొచ్చన్న రోజు పొద్దున రాకేశ్ మెట్లెక్కి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. ఆమె బల్ల మీద జరిగి చోటిచ్చింది. వాడు కూర్చోలేదు. వరండా రెండు వైపులా చూసి, వంగాడు.

"అవ్వా, మేడం నా పేరు అడిగిందా?"

"అడగలే."

"నువ్వు జెప్పలే గద?"

"చెప్పలే."

రాకేశ్ భుజాలు కిందికి దిగాయి. నిండా ఊపిరి పీల్చి వదిలాడు. చేతి రుమాలుతో ముఖం తుడుచుకుని, జుట్టు సరిచేసుకుని లోపలికి పోయాడు.

తలుపు సందులోంచి కనిపిస్తూనే ఉంది. వాడు స్టూలు మీద కూర్చున్నాడు. జ్యోతిరాణి గ్లాసు, చెంచా వాడి చేతికిచ్చి ఎట్లా పట్టాలో చూపించింది. మొగిలి కొడుకు వైపు కాసేపు చూసి నోరు తెరిచాడు. వాడు ఒక్క చుక్క కూడా కింద పడకుండా, మెల్లగా, చెంచా తర్వాత చెంచా పడుతున్నాడు. మంచి కుదురైన చెయ్యి వాడిది.

జ్యోతిరాణి బయటికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, తారాబాయిని చూసి ఆగింది. మొదటిసారి ఆమె గొంతులో జాలి వినిపించింది.

"కొడుకు మంచోడు వుట్టిండమ్మా నీకు. గదన్న సంతోషపడు."

"ఔ బిడ్డా," అంది తారాబాయి.